‘లెన్స్ పోయింది’ అనే ముందు

అందరికీ నమస్కారం. నా మాటలకంటే ముందు ఈ చిన్న సీడీ ప్లేయర్ మాట వినండి. ఇది నాది కాదు. ఒక మిత్రుడు నిన్న సాయంత్రం తెచ్చి ఇచ్చాడు. కావాలనే నేనింకా విప్పలేదు, తుడవలేదు. మీ ముందే చూద్దామని అలాగే ఉంచాను.

(ప్లేయర్‌ను స్పీకర్‌కు కలిపి వీణ కచేరీ సీడీ పెట్టారు. తొమ్మిదో ట్రాక్‌లో ఒకే స్వర సంగతి నాలుగైదుసార్లు తిరిగి తిరిగి వచ్చింది. తర్వాత ఒక్కసారిగా ముందుకు దూకింది.)

విన్నారు కదా. దీనికి ఏమైందంటారు?

(సభలోంచి: ‘లెన్స్ పోయిందండీ.’)

ఈ మాట వస్తుందనే అనుకున్నాను. ఎన్నో ఏళ్ళుగా మనందరం వింటున్న మాటే. షాపుకి తీసుకెళ్తే మూత తీసి ఒక్క చూపు చూసి, ‘లెన్స్ పోయింది సార్, మార్చాలి’ అంటారు. నిజంగా లెన్స్ పోయిన ప్లేయర్లు లేవని నేను అనను. కానీ నా చేతికి వచ్చినవాటిలో చాలావాటికి జబ్బు లెన్స్‌లో లేదు. లెన్స్ మీద దుమ్ములో ఉంది, లేదా అది నడిచే దారిలో ఉంది, లేదా బ్యాటరీలో ఉంది, కొన్నిసార్లు సీడీలోనే ఉంది. ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. స్క్రూడ్రైవర్ తీసే ముందు చెవి పెట్టండి. స్కిప్, అంటే పాట ఇలా దూకడం, ఎప్పుడు వస్తోంది, ఎక్కడ వస్తోంది, ఏ సీడీకి వస్తోంది, ఈ మూడూ తెలిస్తే జబ్బు సగం దొరికినట్టే.

ఈ యంత్రం మొదట్నుంచీ కదలికతో కుస్తీ పడుతూనే ఉంది. సోనీ వాళ్ళ మొదటి సీడీ ప్లేయర్ సీడీపీ-101 జపాన్‌లో 1982 అక్టోబరులో వచ్చింది. ధర 1,68,000 యెన్లు. బల్ల మీద కదలకుండా కూర్చునే పెట్టె అది. రెండేళ్ళకే, 1984 నవంబరులో, డీ-50 అనే చిన్న ప్లేయర్‌ని 49,800 యెన్లకు తెచ్చారు. నాలుగు సీడీ డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఎంత ఉంటుందో దాదాపు అంతే. బ్యాటరీలు దానిలో పట్టలేదు. విడిగా ఒక కేసులో పెట్టి భుజానికి తగిలించుకోవాలి. అదురును తట్టుకునే మెమరీ లేదు కాబట్టి నడుస్తూ వింటే పాట తెగేది. 1990ల మొదట్లో ఆ మెమరీ వచ్చాకే దీన్ని చేతిలో పట్టుకుని బస్సెక్కడం కుదిరింది.

మన ఇళ్ళకి ఇవి చాలావరకు సూట్‌కేసుల్లో వచ్చాయి. అటు కోనసీమ నుంచి, ఇటు కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్ వెళ్ళినవాళ్ళు సెలవుకి వస్తూ తెచ్చేవారు. మా చిన్నాన్న 1996లో దుబాయ్ నుంచి వచ్చినప్పుడు సెంటు సీసాల మధ్య తువ్వాల్లో చుట్టి ఒకటి తెచ్చాడు. ఊళ్ళో అందరికీ టేపు రికార్డరే. ఈ గుండ్రటి డబ్బాలో సీడీ తిరగడం చూడటానికి పిల్లలమంతా దాని చుట్టూ చేరేవాళ్ళం. చిన్నాన్న మాత్రం దాన్ని తీసి మా చేతికే ఇచ్చేవాడు. ‘పట్టుకో, పడేయకు’ అనేవాడు, అంతే. ఆ ప్లేయర్ సంగతి మళ్ళీ చెబుతాను. మీకు చెప్పే పాఠమంతా నాకు దాని దగ్గరే దొరికింది.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఇది తెలియకపోతే చెవికి వినబడినదానికి అర్థం తెలియదు.

సీడీ మీద పాట గ్రామఫోన్ రికార్డులో లాగా బయటి అంచు నుంచి మొదలు కాదు. మధ్యలో మొదలై అంచు వైపు నడుస్తుంది. ఒకే ఒక వరుస, చుట్టలు చుట్టలుగా. విప్పి సాగదీస్తే 5 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. వరుసకీ వరుసకీ మధ్య దూరం 1.6 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. మన తలవెంట్రుక ఒకటి సీడీ మీద అడ్డంగా పడితే దాని కింద నలభై వరుసలు దాగిపోతాయి. అంత సన్నటి దారి మీద, తిరుగుతున్న సీడీని ఎక్కడా తాకకుండా, పాటని చదివే లేజర్ వెలుగు చుక్కని నిలబెట్టాలి. పైగా సీడీ ఏమీ నున్నటి అద్దంలా తిరగదు. అర మిల్లీమీటరు వరకూ పైకీ కిందికీ ఊగవచ్చని ప్రమాణాలే ఒప్పుకుంటాయి.

అందుకే లెన్స్‌ని ఎక్కడా బిగించరు. సన్నటి తీగల మీద వేలాడదీస్తారు. దాని పక్కన రెండు రకాల కాయిల్స్ ఉంటాయి. ఒకటి లెన్స్‌ని పైకీ కిందికీ కదిపి ఫోకస్ చూసుకుంటుంది. ఇంకొకటి పక్కలకి కదిపి వరుస తప్పకుండా చూసుకుంటుంది. తిరిగొచ్చిన వెలుగుని చిన్న చిన్న సెన్సర్లు పట్టుకుని ‘కొంచెం పైకి’, ‘కొంచెం ఎడమకి’ అని ప్రతి క్షణం చెబుతూ ఉంటాయి. ఈ మొత్తం ముక్కనే మన మెకానిక్‌లు ‘లెన్స్’ అంటారు. దీన్ని మోసుకుంటూ మధ్య నుంచి అంచు దాకా మెల్లగా జరిగే బండి ఒకటి ఉంటుంది. దానికో కడ్డీ, పళ్ళ చక్రాలు, చిన్న మోటారు. ఇంగ్లీషులో స్లెడ్ అంటారు, నేను బండి అనే అంటాను. సీడీని తిప్పే మోటారు వేరే ఉంది. అది లోపలి వరుసల దగ్గర నిమిషానికి దాదాపు 500 చుట్లు, అంచుకి వచ్చేసరికి దాదాపు 200 చుట్లు తిప్పుతుంది. లెన్స్ కింద నుంచి వరుస ఒకే వేగంతో జారిపోవాలి కాబట్టి ఈ తేడా. ఇది గుర్తుపెట్టుకోండి, జబ్బు పట్టుకోవడానికి పనికొస్తుంది.

ఇంకో సంగతి. సీడీ మీద చిన్న గీతలు ఉన్నా పాట ఆగదు. రీడ్, సోలమన్ అనే ఇద్దరు గణితజ్ఞులు 1960లో చెప్పిన పద్ధతిని వాడి, పాటని ముక్కలు చేసి దూరదూరంగా చల్లి రాస్తారు. వరుస వెంబడి రెండున్నర మిల్లీమీటర్ల మేర చదవలేకపోయినా మిగతా ముక్కల్ని బట్టి పోయినదాన్ని తిరిగి కట్టుకోగలదు. అందుకే వేలిముద్ర, దుమ్ము రేణువు కాస్త ఉన్నా మనకు తెలియదు. మనకు స్కిప్ వినబడిందంటే ఆ కాపలా అంతా దాటి వచ్చిందన్నమాట.

ఇప్పుడు వినడం దగ్గరికి వద్దాం. మీ ప్లేయర్‌లో ఈఎస్‌పీ అనో, యాంటీ షాక్ అనో బటన్ ఉంటే ముందు దాన్ని ఆపేయండి. అది ఉంటే ప్లేయర్ సీడీని ముందుగానే చదివి మెమరీలో పెట్టుకుంటుంది. లెన్స్ దారి తప్పినా మీకు వినబడదు. సాయం చేసినట్టే ఉంటుంది కానీ జబ్బుని దాచేస్తుంది. ఆ మెమరీ కూడా ఎంతని? సీడీలోంచి సెకనుకి 14 లక్షల బిట్లు వస్తాయి. 4 మెగాబిట్ల చిప్ ఉంటే పట్టేది మూడు సెకన్లే. తర్వాతి మోడళ్ళలో పది, నలభై సెకన్లు అని రాసేవాళ్ళు. మెమరీ పెంచడంతో పాటు పాటని కుదించి పెట్టడం వల్ల వచ్చిన సెకన్లు అవి. అది ఆపితే అసలు సంగతి బయటపడుతుంది.

ఒకే సీడీలో ఒకే చోట దూకుతోంది, వేరే సీడీ పెడితే లేదు అంటే తప్పు సీడీదే. కింద వైపు చూడండి. మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకి నిలువుగా తుడవండి. గుండ్రంగా తుడవకండి. గుండ్రంగా పడిన గీత ఒకే వరుస వెంబడి పొడుగ్గా సాగుతుంది, ఇందాక చెప్పిన కాపలా దానికి చాలదు. నిలువు గీతనైతే సులభంగా దాటేస్తుంది. చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. పేర్లు అచ్చు వేసిన పైవైపు గీత కింద గీతకంటే చేటు. వెలుగు పాలికార్బనేట్ అనే ప్లాస్టిక్ దళసరిలోంచి, 1.2 మిల్లీమీటర్లు దాటి లోపలికి వెళ్తుంది. అద్దంలాంటి అల్యూమినియం పొర పైవైపు లక్క కిందే ఉంటుంది. కింద గీత పడితే వెలుగు కాస్త చెదురుతుంది, పైన గీత పడితే పాటే పోతుంది. సీడీని దీపానికి ఎదురుగా పట్టుకోండి. సూదిమొనలాంటి వెలుగు చుక్కలు కనిపిస్తే అక్కడ పొర లేచిపోయిందని అర్థం.

అన్ని సీడీలకీ మొదట్లోనే తడబడుతోంది, తర్వాత్తర్వాత బాగానే పాడుతోంది అంటే తిప్పే మోటారు మీద అనుమానం పెట్టుకోండి. మొదట్లోనే కదా అది ఎక్కువ వేగంగా తిరగాలి. వయసైపోయిన మోటారుకి అక్కడే ఆయాసం వస్తుంది. సీడీ సరిగ్గా కూర్చోకపోయినా ఇలాగే ఉంటుంది. మధ్యలో మూడు చిన్న బంతులు పట్టుకునే చోట ‘టక్’ మనాలి. ఆ శబ్దం రాలేదంటే వేలితో మధ్యలో నొక్కండి.

ఎక్కడ పడితే అక్కడ, ఏ సీడీకైనా, వరసా వావీ లేకుండా దూకుతుంటే ముందు కొత్త బ్యాటరీలు వేసి చూడండి. చార్జింగ్ బ్యాటరీలు రెండు కలిపి 2.4 వోల్టులే ఇస్తాయి, మామూలువి కొత్తగా ఉంటే 3 వోల్టులు. కొన్ని పాత ప్లేయర్లకి ఈ తేడా చాలు. బ్యాటరీ స్ప్రింగుకి తెల్లటి పొడి పట్టి ఉంటే నిమ్మరసంలో ముంచిన దూదితో అద్ది, తర్వాత పొడిగా తుడవండి. అడాప్టర్ వాడేవాళ్ళు వోల్టేజీ, ప్లస్ మైనస్‌లు ప్లేయర్ అడుగున ఉన్న బొమ్మతో సరిపోయాయో లేదో చూసుకునే పెట్టండి. పిన్ను పట్టింది కదా అని గుచ్చేస్తే స్కిప్ సంగతి అటుంచి ప్లేయరే పోతుంది.

చల్లగా ఉన్నప్పుడు బాగానే పాడి, ఇరవై నిమిషాలు గడిచి వేడెక్కాక మొదలైతే అది బోర్డు మీది జబ్బు. దాని గురించి తర్వాత చెబుతాను.

ఇక మిగిలింది మన ఈ ప్లేయర్ రకం. మొదట్నుంచీ చక్కగా పాడుతుంది. ఒక చోటుకి వచ్చేసరికి అదే ముక్క తిరిగి తిరిగి వస్తుంది. ఇప్పుడు వేరే సీడీ పెడుతున్నాను, చూడండి.

(ఇంకో సీడీ పెట్టి ముందుకు జరిపారు. దాదాపు అదే చోట పాట మళ్ళీ వెనక్కి దూకింది.)

టైం చూశారా? ఇందాక 41 నిమిషాలు, ఇప్పుడు 43. సరిగ్గా అదే నిమిషం రాలేదని వదిలేయకండి. ప్రతి సీడీ ఒకే బిగువుతో రాసి ఉండదు. నిమిషం అటూ ఇటూ అయినా బండి ఉన్న చోటు ఒక్కటే. లెక్క కడితే సీడీ మధ్య నుంచి సుమారు 46 మిల్లీమీటర్ల దూరం. సీడీ మారింది, పాట మారింది, కానీ చోటు మారలేదు. అంటే జబ్బు సీడీలో లేదు, వెలుగులోనూ లేదు. దారిలో ఉంది.

సరిగ్గా ఇదే మా చిన్నాన్న ప్లేయర్‌కి వచ్చింది. 2009లో అనుకుంటాను, బీరువా సర్దుతుంటే దొరికింది. పెట్టి చూస్తే చివరి పాటల దగ్గర స్ట్రక్ అవుతోంది. ఒక షాపుకి పట్టుకెళ్ళాను. లెన్స్ వీక్ అయిందన్నారు. లెన్స్ పక్కన రాగి రంగు రిబ్బను మీద ఆవగింజంత స్క్రూ ఒకటి ఉంటుంది. లేజర్‌కి ఎంత కరెంటు వెళ్ళాలో చెప్పేది అదే. దాన్ని కాస్త తిప్పారు. షాపులో పాడింది. సంతోషంగా ఇంటికి తెచ్చాను. మూడు వారాలకి సీడీనే గుర్తుపట్టడం మానేసింది. ఆ స్క్రూ తిప్పితే లేజర్ కొంతకాలం ఎక్కువ వెలుగుతుంది, తర్వాత త్వరగా మాడిపోతుంది. తిప్పమని ఒప్పుకున్నది నేనే కాబట్టి ఆ తప్పు నాదే అనుకుంటాను.

తర్వాత ఎలాగో అదే రకం లెన్స్ బ్లాక్ సంపాదించి నేనే వేశాను. కొత్త లెన్స్ కదా, ఇక ఢోకా లేదనుకుని కూర్చుని విన్నాను. అదే చోట, అదే విధంగా, చివరి పాటల దగ్గర మళ్ళీ దూకింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బాగున్న లెన్స్‌ని చేజేతులా చంపుకున్నామని అప్పుడు తెలిసింది. మర్నాడు బండి నడిచే కడ్డీని భూతద్దంలో చూస్తే చివర్లో పాత గ్రీజు గట్టిపడి గోధుమరంగు మైనంలా పేరుకుని ఉంది. అందులో ఒక తెల్ల వెంట్రుక. ఎవరిదో చెప్పలేను కానీ, ఆ ప్లేయర్‌ని ఆఖర్న వాడింది మా చిన్నాన్నే. అప్పటికి ఆయన పోయి రెండేళ్ళయింది.

(కొద్దిసేపు ఆగారు.)

సరే, దీన్ని విప్పుదాం.

అడుగున ఉన్న చిన్న స్క్రూలు తీసిన వరసలోనే ఒక కాగితం మీద అతికించుకోండి. పొట్టి స్క్రూ చోట పొడుగు స్క్రూ బిగిస్తే అది బోర్డులోకి దిగుతుంది. రిబ్బను కేబుల్ ఊడదీసేటప్పుడు చెయ్యి తొందరపడకూడదు.

ఒక జాగ్రత్త. మూత తెరిచి ఉండగా ప్లేయర్ ఆన్ చేయాల్సి వస్తే లెన్స్‌లోకి నేరుగా చూడకండి. ఆ వెలుగు 780 నానోమీటర్లది, కంటికి దాదాపు కనిపించదు. కనిపించదు కాబట్టే ప్రమాదం. లేజర్ వెలుగుతోందో లేదో తెలుసుకోవాలంటే ఫోన్ కెమెరాని పక్కనుంచి పెట్టి తెరమీద చూడండి.

(ఫోన్ తెరను పెద్ద స్క్రీన్ మీద చూపించారు.)

అదిగో, ఊదారంగు చుక్క. సీడీ లేదు కాబట్టి లెన్స్ వెతుక్కుంటోంది. పైకి లేచింది, దిగింది, మళ్ళీ లేచింది. కోడిపిల్ల మెడ చాచి చూసినట్టు లేదూ? రెండు మూడుసార్లు చూసి, ఏమీ దొరక్క ఆగిపోయింది. ఇంత చక్కగా లేచి దిగుతోందంటే ఫోకస్ కాయిల్ బతికే ఉంది, లేజరూ వెలుగుతోంది. ‘లెన్స్ పోయింది’ అన్న మాట చాలావరకు ఇక్కడే తేలిపోయింది.

ముందు లెన్స్ తుడుస్తాను. జబ్బు అదే అని కాదు, విప్పాం కదా అని. అద్దాలు తుడిచే బట్ట వద్దు, ఒట్టి నీళ్ళు వద్దు. ఎలక్ట్రానిక్స్ షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అని అడగండి, ఐపీఏ అంటే ఇస్తారు. మందుల షాపు స్పిరిట్ ఆరాక మరక మిగలవచ్చు. దూదిపుల్లకి ఒక్క చుక్క, అదీ కాగితం మీద అద్ది తడి తగ్గించి. లెన్స్ మీద దాని బరువు కూడా పడకూడదు. పసిపిల్ల కంట్లో నలక తీసినట్టు, తాకీ తాకనట్టు ఒక్క చుట్టు. చూశారా, తాకితే లెన్స్ కిందికి కుంగింది, వదలగానే మళ్ళీ పైకి వచ్చింది. అలా తిరిగి రాకపోతే తీగ వంగిందన్నమాట. నిజంగా లెన్స్ పోయిందనాల్సిన సందర్భాల్లో అదొకటి. తర్వాత గాలి బుడ్డితో నాలుగుసార్లు ఊదండి, నోటితో కాదు. నోటితో ఊదితే తేమ కూడా వెళ్తుంది.

ఇప్పుడు దారి. ఈ పళ్ళ చక్రాన్ని నేను వేలి కొసతో మెల్లగా తిప్పుతున్నాను. బండి కదులుతోంది, తేలిగ్గానే కదులుతోంది. ఇంకా, ఇంకా... ఇదిగో ఇక్కడ. చేతికి తెలుస్తోంది, పట్టేసింది. కాస్త బలం పెడితే ‘చిట్’ మని దాటింది. మా అబ్బాయి ఆ కడ్డీ మీద కెమెరా పెడుతున్నాడు, చూడండి. తేనె రంగులో అంచు కట్టింది కదా? ఫ్యాక్టరీలో వేసిన గ్రీజు అది. ఇన్నేళ్ళకి అందులోని నూనె ఆరిపోయి జిగురు మిగిలింది.

పాట ఎందుకు వెనక్కి దూకుతుందో ఇప్పుడు చూడండి. లెన్స్ వరుస వెంబడి బయటికి వాలుతూ వెళ్తుంది. కొంచెం వాలాక, ‘ఇక నువ్వు కదులు’ అని బండికి కబురు వెళ్తుంది. బండి మోటారు తిరగబోతుంది, జిగురు పట్టేసి కదలదు. లెన్స్ ఇంకా ఇంకా వాలి, ఇక వాలలేని చోట పట్టు తప్పి వెనక్కి వచ్చేస్తుంది. పాత వరుస మీద పడుతుంది. అదే సంగతి మళ్ళీ మొదలు. నాలుగైదుసార్లయ్యాక మోటారుకి బలం పోగయి జిగురుని తెంచుకుంటే బండి ఎగిరి ముందుకు పడుతుంది. మీరు ఇందాక విన్నది అక్షరాలా ఇదే.

ఐపీఏలో తడిపిన దూదిపుల్లతో కడ్డీ మొత్తం తుడవాలి. పుల్ల తెల్లగా వచ్చేదాకా మారుస్తూనే ఉండాలి. పళ్ళ సందుల్లోది చెక్క టూత్‌పిక్‌తో తీయండి. తర్వాత ప్లాస్టిక్‌కి హాని చేయని తెల్ల గ్రీజు, సూదిమొన మీద ఎంత పడుతుందో అంత, కడ్డీకి పల్చగా. కుట్టు మిషన్ నూనె పోయకండి. పల్చటి నూనె పాకుతుంది, పాకి పాకి లెన్స్ మీదికి చేరుతుంది. కొబ్బరి నూనె రాసి తెచ్చినవాళ్ళూ ఉన్నారు. చలికాలం వస్తే ఆ నూనె పేరుకుని ఉన్న జబ్బుకి ఇంకో జబ్బు తోడవుతుంది.

ఇది ఆరేలోపు బోర్డు సంగతి. 1980ల చివర, 1990ల మొదట్లో వచ్చిన ప్లేయర్లలో బోర్డు మీద చిన్న వెండిరంగు డబ్బాల్లాంటి కెపాసిటర్లు ఉంటాయి, కరెంటుని నిలకడగా ఉంచేవి అవే. కాలం గడిచేకొద్దీ వాటిలోని ద్రవం కారి రాగి గీతల్ని తినేస్తుంది. టంకం కడ్డీ తాకించగానే చేపల వాసన వచ్చిందంటే అనుమానమే లేదు, అది కారుతోంది. కరెంటు నిలకడగా అందకపోతే ఫోకస్, ట్రాకింగ్ (వరుస తప్పకుండా చూసుకోవడం) రెండూ తడబడతాయి. వేడెక్కాక మొదలయ్యే స్కిప్‌లో తరచుగా దొరికే దొంగ ఇదే. వాటి మీద రాసి ఉన్న మైక్రోఫారడ్లు (అంటే సామర్థ్యం) అదే, వోల్టేజీ అంతే లేదా కాస్త ఎక్కువ ఉన్నవి తెచ్చి, ప్లస్ మైనస్ చూసి మార్చాలి. వేసే ముందు కింద కారినది పూర్తిగా కడగాలి. చిన్న టంకం పని అలవాటు లేనివాళ్ళు ఇది ఒంటరిగా మొదలుపెట్టొద్దు, నాకు చెప్పండి, కలిసి చేద్దాం. లేజర్ స్క్రూ మాత్రం అన్నీ అయ్యాక, ఆఖర్న. దాని చోటు పెన్నుతో గుర్తు పెట్టుకోకుండా, మీటర్‌తో రెసిస్టెన్స్ రాసుకోకుండా ఎవరూ తాకకండి.

ఏదో అడుగుతున్నారు, చెప్పండమ్మా.

(సభలోంచి ఒక పెద్దావిడ: ‘బాబూ, మా అమ్మ పాడిన మంగళహారతులు క్యాసెట్ నుంచి సీడీ చేయించాం, పాతికేళ్ళ కింద. మిగతా సీడీలన్నీ పాడుతున్నాయి. అదొక్కటే దూకుతోంది. ప్లేయర్ బాగుచేస్తే వస్తుందా?’)

అమ్మా, మంచి ప్రశ్న. స్టూడియోలో మీకు ఇచ్చింది రాసిన సీడీ. కొన్న సీడీలో గుంటలు అచ్చు కొట్టి ఉంటాయి, రాసిన సీడీలో రంగు పొర మీద లేజర్‌తో మచ్చలు కాల్చి ఉంటాయి. వెలుగుని అది కాస్త తక్కువగా తిప్పికొడుతుంది. ఎండ తగిలినా, ఏళ్ళు గడిచినా ఆ రంగు వెలిసిపోతుంది. మామూలు సీడీని ఇబ్బంది లేకుండా చదివే పాత ప్లేయర్‌కి అది మసకగా కనిపిస్తుంది. అందుకని మీరు దాన్ని ఇందులో మళ్ళీ మళ్ళీ పెట్టి చూడొద్దు. ముందు కంప్యూటర్‌లో పెట్టి కాపీ తీద్దాం. కంప్యూటర్ డ్రైవ్ చదవలేని చోటుని మెల్లగా, పదే పదే చదివి పట్టుకోగలదు. ఒక డ్రైవ్ చదవకపోతే ఇంకోటి చదవవచ్చు, నా దగ్గర నాలుగున్నాయి. పైన పేరు రాసిన స్టిక్కర్ అంటించి ఉందా? ఉంటే పీకొద్దమ్మా, దాంతో పాటు పొర లేచి వస్తుంది. ఎండ తగలకుండా అలాగే తీసుకురండి. అమ్మగారి గొంతు రెండు మూడు చోట్ల భద్రంగా పెట్టుకున్నాక, అప్పుడు ప్లేయర్ సంగతి చూద్దాం.

ఇప్పుడు బిగించి చూద్దామా?

(ప్లేయర్ బిగించి మొదటి వీణ సీడీ పెట్టి తొమ్మిదో ట్రాక్‌కు వెళ్ళారు. 41వ నిమిషం దాటింది. 42, 43. సంగతి తెగకుండా సాగింది. సభలో చప్పట్లు.)

ఆగండి, ఆగండి. చివరిదాకా విందాం. ఇంకా దారి ఉంది.

(ఆఖరి ట్రాక్ మొదలైంది. కొంతసేపటికి చిన్న ‘టిక్’, మళ్ళీ ‘టిక్’. పాట ఆగలేదు కానీ ఆ శబ్దం ఉండుండి వస్తోంది.)

విన్నారా? ఇది జిగురు కాదు, జిగురైతే పాట వెనక్కి దూకేది. ఉండుండి ఒకే లెక్కన వస్తోందంటే చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా వస్తోంది. ఏదో పన్ను చిట్లి ఉండాలి. ఇందాక నేనే చూడలేదు. దీన్ని మా మిత్రుడికి ఇలా తిరిగివ్వను. టీ తాగాక ఆ కిటికీ పక్క బల్ల దగ్గర మళ్ళీ విప్పుదాం, భూతద్దం ఉంది. అమ్మా, మీరు మాత్రం ముందు రండి, మీ సీడీ కాపీ పెట్టేసి ఆ తర్వాత ఈ చక్రం పని చూస్తాను.